లూదియమ్మ పిడికెడు పిండి

పూతలపట్టు కూడలిలో బస్సు దిగి, రోడ్డు వదిలేసి పొలాల గట్ల మీద నడిస్తే ఒక పాళెం వస్తుంది. అక్కడ మట్టిగోడల గుడి ఒకటి ఉండేది. వారమంతా అది బడి, ఆదివారం మాత్రం గుడి. ఆ గుడిలో కీర్తన ఎత్తుకోవాలంటే లూదియమ్మే ఎత్తుకోవాలి. ఇంకెవరు ఎత్తుకున్నా రెండో చరణానికల్లా తలా ఒక దారి పట్టేవాళ్ళు. ఆమె గొంతు అంత పెద్దది. నవ్వూ అంతే. రోడ్డు పనికి పోయే ఆమె మొగుడు కుప్పయ్య, "దీని నవ్వు చంద్రగిరి కోట దాకా ఇనబడతాది" అని నలుగురిలో విసుక్కునేవాడు గానీ, ఆ విసుగులో ఎంత మురిపెం ఉందో పాళెమంతటికీ తెలుసు.

అక్కడి క్రైస్తవుల ఇళ్ళలో పొయ్యి పక్కన ఒక చిన్న కుండ ఉండేది. వంటకని పిండి తీసినప్పుడల్లా ముందు ఒక పిడికెడు ఆ కుండలో వేసి, కళ్ళు మూసుకుని నాలుగు మాటలు ప్రార్థన చేసుకుని, ఆ తర్వాతే పొయ్యి సంగతి చూడాలి. పిడికెడు బియ్యం అని ఆ కానుకకు పేరు. పేరుకే బియ్యం. అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు, బియ్యం ముఖం చూసినవాళ్ళెవరు? కుండలో పడేదంతా రాగిపిండే. శనివారం పొద్దున పోలేరమ్మ గంప ఎత్తుకుని ఇంటింటికీ వచ్చి కుండలు వంచుకుని పోయేది. ఆ పిండి ముసలీముతకకూ, పనులు దొరకని ఇళ్ళకూ చేరేది.

ఈ పోలేరమ్మకు బాప్తిస్మంలో ఇంకేదో పేరు పెట్టారు గానీ, ఆ పేరుతో పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. అమ్మవారి పేరు పెట్టుకుని ప్రభువు గంప మోస్తున్నావేమని ఒకసారి ఎవరో నొచ్చుకుంటే, "పేరు మాయమ్మ పెట్టింది, గంప ఆయన పెట్టినాడు. వాళ్ళిద్దరికీ తగువు లేదు, మధ్యన నీకేంటికప్పా" అంది. ముసలిదాని నోటికి జడవనివాళ్ళు లేరు.

అలాంటి పాళెంలో, అంత నవ్వు నవ్వే లూదియమ్మకు ఒక ఏడు వానలు వెలిసినాక మనసు చీకటి పడింది. ఎందుకంటే ఏం చెప్పాలి? ఇంట్లో చావు లేదు, జబ్బు లేదు. కూతురు నగరిలో చల్లగా కాపురం చేసుకుంటోంది. కుప్పయ్య తాగడు, కొట్టడు. కరువు రోజులే అయినా ఇద్దరికీ సరిపడా రాగులు ఇంట్లో ఉన్నాయి. అయినా తెల్లవారుజామున మెలకువ వచ్చేసరికి తడిసిన గోనెసంచి ఎవరో గుండె మీద పెట్టిపోయినట్టు ఉండేది. లేచి ముఖం కడగడానికే ఒక పూట పట్టేది. నోట్లో పెట్టుకున్న సంగటి మన్నులాగా తగిలేది. కీర్తన ఎత్తుకుందామంటే పదాలు గుర్తున్నాయి, గొంతు పెగలదు. అన్నిటికన్నా ఆమెను భయపెట్టింది ప్రార్థన. కళ్ళు మూసుకుంటే ఎప్పుడూ ఎదురుగా ఒకరు కూర్చుని వింటున్నట్టు ఉండేది. ఇప్పుడు మూసుకుంటే ఎవరూ లేరు.

ప్రార్థన రానప్పుడు ఆయనకు ఇంకేమివ్వాలి? ఆమె తన వాటా పిండి ఇవ్వడం మొదలుపెట్టింది. ఎలాగూ తినలేదు, పారేయడం పాపం, మొగుడు చూస్తే ఎందుకు తినలేదని గుచ్చిగుచ్చి అడుగుతాడు. కాబట్టి అతనికి సరిపడా పిండి ఉంచుకుని మిగిలిందంతా ఆ కుండలో పోసేది. పని నుంచి పొద్దుగూకి వచ్చిన కుప్పయ్య "నువ్వు తినినావా?" అని అడిగితే "ఎప్పుడో తినేసినా" అనేది. పాపం, పగలంతా రాళ్ళు కొట్టి వచ్చిన మనిషి, ఆ మాట నమ్మి పడుకునేవాడు.

శనివారం కుండ వంచిన పోలేరమ్మకు గంపలో సగం లూదియమ్మ పిండే కనబడేది. ముసలిది పొంగిపోయి గుడిలో అందరి ముందరా చెప్పింది. "ఈ కరువులో కూడా లూదియమ్మ సెయ్యి సూడండి. భక్తి అంటే అది. మీ కుండలు వంచితే నాకు అడుగు మసి తప్ప ఏమీ రాల్లేదు." అందరూ తలలు వంచుకున్నారు. లూదియమ్మ కూడా వంచుకుంది. అది వినయం అనుకున్నారు.

ఇలా ఉండగా ప్రభువు బల్ల వచ్చింది. చిత్తూరు నుంచి పాదిరి యోనా అయ్యగారు అప్పుడప్పుడూ వచ్చి రొట్టె విరిచి ఇచ్చే ఆరాధన అది. దానికి ముందురోజు సాయంత్రం, రొట్టె తీసుకునేవాళ్ళంతా సంఘపెద్ద దగ్గరికి పోయి పేరు చెప్పాలి. ఎవరితోనైనా తగాదా ఉంటే తీర్చుకుని చెప్పాలి, మనసులో దాచుకున్నది ఉంటే ఒప్పుకుని చెప్పాలి. లూదియమ్మ పోలేదు. ప్రార్థనే రాని నోటితో ఆ రొట్టె ఎలా తింటాను అనుకుంది. మొదటిసారి ఎవరూ పట్టించుకోలేదు. మళ్ళీ బల్ల వచ్చినప్పుడు కూడా పోకపోయేసరికి బావి దగ్గర చెవులు కొరుక్కోవడం మొదలైంది. గాలి సోకిందని ఒకరు, దిష్టి అని ఒకరు. గాలీ దిష్టీ నమ్మకూడదని గుడిలో నేర్చుకున్నవాళ్ళు ఇంకొకటి కనిపెట్టారు. ఏదో పాపం దాచిపెట్టిందట.

సంఘపెద్ద దేవసహాయం ఇంటికే వచ్చాడు. ఆయన చెడ్డవాడేమీ కాదు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే లూదియమ్మ ఆ మాట అక్కడే దులిపేసుకునేది.

"సూడు తల్లీ," అన్నాడు గడప బయటే నిలబడి. "లోపల పాపం మూట ఉంటేనే మనిషి ఇట్లా కుంగిపోతాడు. వచ్చే ఆదివారం అయ్యగారు వస్తా ఉండారు. సంఘం ముందర లేచి ఒప్పుకో. ప్రభువు ఆ పాపం తుడిచేస్తాడు, నీ బరువు దిగిపోతాది. ఇంకా దాచుకుంటే నీ పేరు బల్ల లోంచి తీసేయాల్సి వస్తాది. నాకది ఇష్టం లేదు."

బరువు దిగిపోతుంది అన్న ఒక్క మాటే ఆమె చెవిలో నిలిచింది. అప్పటికే ఆమె నీళ్ళకని బావికి పోయి, కడవ గట్టున పెట్టి, లోపలికి చూస్తూ అలాగే నిలబడిపోతోంది. వెనక ఎవరో పిలిస్తే తప్ప కదలడం లేదు. తను అలా నిలబడుతున్నానని తెలిసి ఆమెకే భయం వేసింది. బల్ల నుంచి పేరు కూడా పోతే ఆ గట్టు మీద తనను పట్టుకునేది ఇక ఏమీ లేదు. కాబట్టి పాపం వెతకడానికి కూర్చుంది.

బతుకంతా తిరగేసింది. ఎదురింటి యశోదమ్మ కోడిని ఎప్పుడో రాయి పెట్టి కొట్టిన మాట నిజమే. కానీ దానికి అప్పుడే యశోదమ్మను క్షమాపణ అడిగింది, కోడికి పసుపు కూడా రాసింది. అత్తను లోలోపల తిట్టుకుంది, ఆ అత్తకే చివరిదాకా సేవ చేసి సాగనంపింది. ఏది తీసి తూచినా ఈ బరువుకు సరిపోవడం లేదు. ఇంత బరువుకు అంత పాపమూ ఉండాలి గదా. దొరకనప్పుడు ఏం చేస్తుంది? ఒకటి తయారుచేసుకుంది. ఆ కరువు రోజుల్లో, ఆ పాళెంలో, అంతకన్నా పెద్దది ఇంకొకటి ఉండదు.

ఆదివారం యోనా అయ్యగారు బొగ్గు బస్సు దిగి, తెల్ల అంగీ నిండా మసితో వచ్చారు. పెట్రోలు దొరకని ఆ రోజుల్లో బస్సులు బొగ్గు మంట మీద నడిచేవి, ఎక్కినవాడి బట్టలకు అదే గతి. పాటలు అయ్యాయి, వాక్యం అయింది. బల్ల మీద రొట్టె మీది గుడ్డ తీయబోతుంటే లూదియమ్మ లేచింది.

"నేను పాపం సేసినాను. పిడికెడు కుండలో పిండి దొంగతనంగా తీసి తినినాను. శానా దినాలు తినినాను."

మగవాళ్ళ వైపు కూర్చున్న కుప్పయ్య నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. బీదల పిండి, అదీ ఈ కరువులో. ఆడవాళ్ళలో ఎవరో నాలుక కరుచుకున్నారు. దేవసహాయం కళ్ళు మూసుకుని నిట్టూర్చాడు, అనుకున్నంతా అయిందని. లూదియమ్మ మాత్రం అలాగే నిలబడి ఎదురుచూస్తోంది. బరువు ఎప్పుడు దిగుతుందా అని. దిగలేదు. గోనెసంచి ఉన్నచోటే ఉంది. ఇది కూడా పని చేయలేదు.

"అబద్ధం," అంది పోలేరమ్మ.

ముసలిది గోడ పట్టుకుని లేచింది. "అయ్యగారూ, ఇంటింటి కుండ వంచేది నేను. ఇది దొంగతనం సేసింటే కుండ తగ్గల్ల గదా. తగ్గడం యాడిది, నా గంప దీని పిండితోనే నిండతా ఉండాది." అంటూ దగ్గరికి వచ్చి లూదియమ్మ చెయ్యి పట్టుకుని పైకెత్తింది. మణికట్టు దగ్గర ఉండాల్సిన గాజులు గలగలమని మోచేతి దాకా జారిపోయాయి.

ముసలిది ఆ గాజుల వైపే చూస్తూ నిలబడిపోయింది. "అది నీ కూడు గదా మే. నువ్వు తినేది నా గంపలో పోస్తా ఉంటివి. నేనేమో దాన్ని అందరికీ సూపించి మెచ్చుకుంటి. కుండ సూసినా గానీ నీ ముఖం సూడలేదే నేను."

లూదియమ్మకు అప్పుడు ఏడుపు వచ్చింది. ఆ చీకటి కమ్మినప్పటి నుంచీ రాని ఏడుపు. కూలబడి, ముసలిదాని కాళ్ళు పట్టుకుని, "నాకు ప్రార్థన రాలేదవ్వా. ఏం పాపం సేసినానో తెలీలేదు. ఏదో ఒకటి సెప్తే ఇడిసిపెడతాడనుకుంటి" అంది.

యోనా అయ్యగారు బల్ల వెనక నుంచి దిగివచ్చి ఆడవాళ్ళ చాప అంచున కూర్చున్నారు. పాదిరి అలా నేల మీద కూర్చోవడం అక్కడ ఎవరూ చూడలేదు. "లూదియమ్మా, దుఃఖం పాపమైతే, పట్టుబడిన రాత్రి తోటలో మన ప్రభువు అంతగా కుమిలిపోయేవాడే కాదు. ఒక ప్రవక్త ఉండేవాడు. ఎంతో గొప్ప పనులు చేసిన మనిషి. చివరికి ఇంక బతకలేను, నా ప్రాణం తీసుకో అని చెట్టు కింద పడుకున్నాడు. దేవుడు అతన్ని ఏ పాపం చేశావని అడగలేదు. దూతతో రొట్టె, నీళ్ళు పంపించాడు. తిని పడుకోనిచ్చాడు. లేపి మళ్ళీ తినిపించాడు. మాటలన్నీ ఆ తర్వాతే." అని దేవసహాయం వైపు తిరిగారు. "మనం మాటలతో మొదలుపెట్టినాం పెద్దా. ముందు రొట్టె పెట్టాల్సింది."

దేవసహాయం మెల్లగా, "ఆమె నిన్న పేరు ఇవ్వలేదు అయ్యగారూ. దాచుకున్నది ఒప్పుకోకుండా..." అని నసిగాడు.

పోలేరమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఒప్పుకోడానికి ఇప్పుడు దొరికింది గదప్పా. దేవుని గుడిలో నిలబడి ఇంత పెద్ద అబద్ధం సెప్పింది. అది ఒప్పుకోమను, పేరు రాసుకో."

ఎవరో ఫక్కున నవ్వారు. తర్వాత గుడంతా నవ్వింది, యోనా అయ్యగారితో సహా. లూదియమ్మ ఏడుస్తూనే ఆ అబద్ధం ఒప్పుకుంది, దేవసహాయం పేరు రాసుకున్నాడు. ఆమె చేతిలో పెట్టిన రొట్టె ముక్క చాలాసేపు నమిలింది. మన్నులాగా తగల్లేదు. రుచిగా ఉందని కూడా చెప్పలేం. రొట్టెలాగా ఉంది, అంతే.

ఆ ఒక్క పూటతో అంతా సర్దుకుందని చెబితే అది లూదియమ్మ చెప్పినదానికన్నా పెద్ద అబద్ధం అవుతుంది. గోనెసంచి ఎన్నాళ్ళో ఉంది. కాకపోతే మర్నాటి నుంచి మధ్యాహ్నం అయ్యేసరికి పోలేరమ్మ సంగటి ముద్ద, పుల్లగూర పట్టుకుని గడపలో దిగబడేది. ఒకే పళ్ళెంలో ఇద్దరూ తినాలి. "ప్రార్థన రాలేదవ్వా" అంటే, "నీ వంతు నేను సేస్తాలే. నువ్వు తిను. పని పంచుకుందాం" అనేది. నీళ్ళకు పోయేటప్పుడు యశోదమ్మ తన కడవ కూడా ఎత్తుకుని వెంట నడిచేది, ఎందుకన్నది ఇద్దరూ ఎప్పుడూ పైకి చెప్పుకోలేదు. కుప్పయ్య రాత్రిపూట ఆమె నోట్లో ముద్ద పడందే తను ముట్టేవాడు కాదు. గుడిలో కీర్తన ఎవరు ఎత్తుకున్నా తలా ఒక దారే, అయినా ఆమె గొంతు కోసం ఎవరూ తొందరపెట్టలేదు. ఎండలు ముదిరినాక ఒక ఆదివారం, రెండో చరణం మరీ అన్యాయంగా పోతుంటే ఓర్చుకోలేక లూదియమ్మ గొంతు కలిపి దారిలో పెట్టింది. కుప్పయ్య పైపంచెలో ముఖం దాచుకున్నాడు.

యుద్ధం ముగిసి, పోలేరమ్మ ప్రభువు దగ్గరికి పోయినాక, గంప లూదియమ్మకు వచ్చింది. చీకటి ఆమెకు మళ్ళీ ఒకటి రెండుసార్లు రాకపోలేదు. వచ్చినప్పుడు మాత్రం దాచలేదు. "నాకు మళ్ళీ వచ్చినాది, నా వంతు మీరు సేయండి" అని నోరు తెరిచి చెప్పేది. కుండ వంచేటప్పుడు పిండి కన్నా ముందు ముఖం చూసేది. కుండ ఖాళీగా ఉంటే ఏమీ అనేది కాదు. మరీ నిండుగా ఉంటే మాత్రం గంప దించేసేది.

ఒక శనివారం దేవసహాయం ఇంటికి పోయింది. పెళ్ళాం పోయి ఆయన ఒక్కడే వండుకుంటున్న రోజులవి. కుండ ఎత్తబోతే బరువుగా తగిలింది. మూత తీస్తే అంచు దాకా పిండి. పెద్దాయన గోడకు ఆనుకుని, ఆమె వైపు చూడకుండా, "తీసుకుపో తల్లీ. నాకు ఇప్పుడు ప్రార్థన కూడా సరిగా రావడంలేదు. అదైనా ఇస్తా ఉండా" అన్నాడు.

లూదియమ్మ ఏ పాపమని అడగలేదు. గంప గడప బయట పెట్టి, కొంగు బిగించి, చల్లబడి ఉన్న పొయ్యి ముందు కూర్చుని పుల్లలు విరిచింది. కుండలోంచి పిడికిట్లో పట్టినంత పిండి వెనక్కి తీసింది.

"నీ వంతు ప్రార్థన నేను సేస్తాలే అన్నా," అంది ఎసరు పెడుతూ. "నువ్వు ఇట్లా వచ్చి కూర్చో. ఇద్దరం తిందాం."