ఆముదం తాగిన జాకీ

లారీ జాకీకి ఆముదం తాగించిన మనిషి కొత్తకోట రోడ్డు మీద ఇంకొకరుంటే చూపించండి, నా పంక్చర్ దుకాణం మీకు రాసిచ్చేస్తాను. చూపించలేరు. అంతటి ఘనకార్యం చేసింది నేనొక్కదాన్నే.

మా ఆయన పోయిన మూడో నెలలో దుకాణం మళ్లీ తెరిచాను. ట్యూబులకు అతుకులు వేయడం నాకు వచ్చు. జాకీ పని మాత్రం ఎప్పుడూ ఆయనదే. మొదటిరోజు పొద్దున్నే బత్తాయిల లోడుతో ఒక లారీ ఆగింది. వెనక టైరు కూలబడింది. డ్రైవర్ యాదయ్య దిగి నన్ను కిందికీ పైకీ చూశాడు.

"మగోళ్లెవరు లేరా అక్కా?"

"టైరు ఇప్పనీకె మగోడే గావాల్నా తమ్మీ?"

"సరే. నువ్ జేస్తే మా బత్తాయి లారీలన్ని ఈడ్నే ఆపిస్త. చెయ్యకపోతె అది గూడ అందరికి చెప్త."

అర్థమైంది కదా? ఈ బోణీ పోతే దుకాణం పోయినట్టే, నేను మళ్లీ కూలికి పోయినట్టే. జాకీని ఇరుసు కింద పెట్టి హ్యాండిల్ కొట్టాను. ఇరవైసార్లు, ముప్పైసార్లు. అలిగి పడుకున్న దున్నపోతులా అది కదలదు, మెదలదు.

"లేస్తలేదేందక్కా?"

"దాని కడుపు గట్టివడ్డది," అన్నాను, పెద్ద దవాఖాన డాక్టరమ్మలా.

మా ఇంట్లో ఎవరి కడుపు బిగుసుకున్నా మందు ఒకటే. మా చేన్లో పండిందే. జాకీకి నూనె పోసే చోట రబ్బరు బిరడా పీకి, సీసాడు ఆముదం వంపేశాను. అది పొంగి జాకీ మీద, హ్యాండిల్ మీద, నా చీర మీద పారింది.

"ఇటియ్ అక్కా, నేన్ గొడ్త," అంటూ యాదయ్య హ్యాండిల్ పట్టుకుని బలమంతా పెట్టాడు. చేతులు జర్రున జారి మట్టిలో బోర్లా పడ్డాడు. కాసేపటికి ఆయన లేచాడు గానీ జాకీ లేవలేదు. (నేను చెబుతుంటే ఇది రాస్తున్న మా కోడలు పెన్ను పడేసి నవ్వుతోంది. రాయవే తల్లీ!)

ఎదురు వెల్డింగ్ దుకాణం ఖాజా భాయ్ ఈ సంబరం చూసి వచ్చాడు.

"ఏం చెల్లె, ఆముదం వాసనొస్తాంది?"

"జాకీకి పోసిన భాయ్."

"యా అల్లా! జాకీకా? కింద స్క్రూ బిగించినవా?"

"ఏం స్క్రూ?"

ఆయన వంగి జాకీ అడుగున ఉన్న చిన్న స్క్రూ బిగించాడు. అది వదులైతే జాకీ దిగుతుంది, బిగిస్తేనే లేస్తుంది. మా ఆయన రోజూ పనికి ముందు వంగి జాకీ పాదాల దగ్గర చేయి పెడితే, దండం పెట్టుకుంటున్నాడని ఇన్నేళ్లూ మురిసిపోయాను. ఆ పొద్దున నేనూ భక్తిగా దండమే పెట్టాను!

ఇప్పుడు జాకీ లేచింది గానీ సగంలో వణుకుతూ ఆగింది. లోపల చిక్కటి ఆముదం, గాలి. ఖాజా భాయ్ చెబుతుంటే నేనే దాన్ని దించి, అంతా వంపేసి, జాకీ ఆయిల్‌తో కడిగి, కొత్త ఆయిల్ పోశాను. స్క్రూ వదులు చేసి పదిసార్లు కొట్టి గాలి వెళ్లగొట్టాను. మళ్లీ బిగించి కొడితే బత్తాయిలతో సహా లారీ లేచింది. ఇరుసు కింద చెక్క దిమ్మ ఆనించి, స్టెప్నీ ఎక్కించాను.

యాదయ్య మాట నిలబెట్టుకున్నాడు, ఇంకా నాలుగు మాటలు కలిపి మరీ. మరుసటి వారమే మరో బత్తాయి లారీ ఆగింది. టైర్లన్నీ గాలి నిండి గుండ్రాళ్లలా ఉన్నాయి. డ్రైవర్ కడుపు పట్టుకుని దిగాడు.

"అక్కా, జర ఆముదముందా?"

అందుకే మీ అందరి సాక్షిగా ఒట్టు పెడుతున్నాను: ముందు స్క్రూ చూడకుండా, జాకీకైనా డ్రైవర్‌కైనా, ఈ చేత్తో ఆముదం పోయను గాక పోయను.