నీటి గడిలో రెండు మాటలు

ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు: ఆ సభకి నారమ్మ గాజుగొట్టం తెచ్చింది నేను అడిగితేనే. డైరీలో కూడా ఆ రోజు "ఎండ ఎక్కువ" అని మాత్రమే రాసుకున్నాను.

డిగ్రీ అయిన ఏడాది వేసవిలో బరంపురంలో ఒక కాంట్రాక్టరు దగ్గర పత్రాలు రాసే ఉద్యోగంలో చేరాను. మూడేళ్ళు చేసి మానేశాను. ఎండిన బోర్లలో మళ్ళీ నీరు రప్పించడం మా పని. బోరులోకి రబ్బరు బిరడా దింపి, దాని కింద నీటిని గట్టి ఒత్తిడితో కొడితే రాతి పగుళ్ళు తెరుచుకుంటాయి; అదృష్టముంటే ఊట వస్తుంది. ముందుగా, ఏ రసాయనాలు, ఎక్కడి నీరు వాడుతున్నామో ఊరివాళ్ళకు చదివి వినిపించాలని షరతు. ఆ పట్టిక నేను రాయాలి.

ఆసారి హుమ్మ దగ్గర ఒక తెలుగు పల్లె. ఊరంతటికీ తాగునీటికి ఒకటే బోరు. మా సూపర్‌వైజరు అప్పారావు గారు పెద్ద ఫ్లెక్సీ కొట్టించారు. అందులో బ్లీచింగ్ పౌడరుకి నోరు తిరగని పేరు పెట్టించారు. బిరడాకి రాసే బట్టల సబ్బుకి "వ్యాపార రహస్యం" అని వేయించారు. ఆ సబ్బు ఆ ఊరి కొట్లోనే కొన్నాం.

పట్టికలో నీరెక్కడిదో రాసే గడి దగ్గరికొచ్చేసరికి ఆయన పాండిత్యం అయిపోయింది. మంచినీటికి దూరం పోవడమెందుకని ట్యాంకరును ఉప్పుమళ్ళ పక్క కాలువలో నింపించారు. నేను ముందు సీట్లోనే ఉన్నాను. ఏం రాయాలని అడిగితే, "సమీప జలవనరు అని రాసీయమ్మా. అబద్ధమేటి?" అన్నారు. రాశాను. ఆ ఉప్పు పగుళ్ళలోకి దిగితే ఉన్న ఒక్క బోరూ పాడవుతుందని తెలిసే రాశాను.

ట్యాంకరు నింపుతున్నప్పుడు పక్క మడిలో నారమ్మ ఉప్పునీటి చిక్కదనం కొలవడం చూశాను. ఆవిడది ఆ ఊరే. చేతిలో గీతలున్న గాజుగొట్టం. మంచినీటిలో అది సున్నా గీత దాకా మునుగుతుంది. ఉప్పుంటే పైకి తేలుతుంది; ఎన్ని గీతలు తేలితే అన్ని డిగ్రీల ఉప్పు. సాయంత్రం దాహం వంకతో వాళ్ళింటికి వెళ్ళి, రేపు గొట్టం తెమ్మని ఒక్క ముక్క చెప్పి వచ్చేశాను.

మర్నాడు సభలో అప్పారావు గారు రసాయనాల పేర్లు పెళ్ళిమంత్రాల్లా చదివి, నీటి దగ్గర "సమీప జలవనరు" అని ముగించారు. "పారదర్శకత" అన్నప్పుడు జనం చప్పట్లు కూడా కొట్టారు. అప్పుడు నారమ్మ లేచి, ట్యాంకరు కుళాయి కింద బిందె నింపి, గొట్టం వేసింది.

"బాబూ, మూడు డిగ్రీలున్నాది. బోరు బాగుసేత్తారా, ఉప్పు పండిత్తారేటి?"

"అది టెక్నికల్, నీకు తెల్దమ్మా."

"నాకు తెల్దు గానీ, ఓ గుక్క తాగి సూపించండి మరి."

వెనక నుంచి ఎవరో అందుకున్నారు: "తాగండి సార్, సమీపందే కదా!"

ఆయన తాగలేదు. ట్యాంకరు వెనక్కి వెళ్ళింది. రెండు రోజులాగి ఋషికుల్య నది మంచినీటితో పని జరిగింది. ఊట కూడా వచ్చింది. ఆ రెండు రోజుల ఆలస్యాన్ని నివేదికలో "ప్రజా భాగస్వామ్యం" అని రాయించారు. అదీ నేనే రాశాను.

ఇలాంటి బహిరంగ ప్రకటనల్లో పొడుగు పేర్లు వదిలేసి, అన్నిటికంటే పొట్టిగా నింపిన గడి దగ్గర ఆగి చదవాలని ఆ ఉద్యోగంలో నేర్చుకున్నాను. అలాంటి గడులు నాలాంటి వాళ్ళ చేతే రాయిస్తారని కూడా.

మానేసిన రోజు అప్పారావు గారు గుమ్మం దాకా వచ్చి అన్నారు: "నీలాగ నోరిప్పని పిల్ల మళ్ళీ దొరకదమ్మా. నీకు సెల్లెలుంటే సెప్పు, ఈ కుర్సీ ఆ పిల్లకే."