తాలుకాయ జాంబీలు, మా వియ్యపురాలి లెక్క

మిరపకాయలు ఏరేటప్పుడు చేతులకే పని, నోటికి ఉండదు. కళ్ళతో కూడా పెద్దగా అవసరం లేదు. ఏది ఎర్రకాయో ఏది తాలుకాయో అలవాటైన వేళ్ళకి ఓరచూపు చాలు. తాలుకాయంటే రంగు పోయి తెల్లబారిన కాయ. ఎర్రకాయల్లో అవి నాలుగు కనిపించాయంటే గుంటూరు యార్డులో కొనేవాడు కుప్ప మొత్తానికీ వంక పెడతాడు. అందుకని ఎండాకాలం మధ్యాహ్నాలు మేము కల్లం పక్కన తాటాకు పందిరి కింద కూర్చుని, ఎర్రవి ఒక కుప్పగా, తాలువి ఒక కుప్పగా ఏరుతూ ఉంటాం. ఆ ఏరుడు సాగినంతసేపూ నేను కథలు చెబుతాను. చదివింది రెండో తరగతే గానీ, ఒకసారి చెవిన పడ్డది మర్చిపోయే మనిషిని కాదు. విన్న కథలు, కన్న కథలు, అప్పటికప్పుడు అల్లిన కథలు, అన్నీ ఆ పందిరి కిందే ఖర్చు పెట్టాను.

మా అమ్మాయి కూతురు తాడేపల్లిలో పెరుగుతోంది. సెలవులకి మా ఊరొస్తే, ఘాటుకి తుమ్ముతూ, నా పాత చీర పీలిక ముక్కుకి కట్టుకుని, నా మోకాలికి ఆనుకుని కూర్చుంటుంది. కథ మంచి పట్టులో ఉన్నప్పుడు ఆ పిల్ల తుమ్మడం కూడా మర్చిపోతుంది. ఆ తుమ్ము ఆగడమే నాకు కావలసింది. దానికోసం ఏడాదంతా కథలు పోగేసుకుంటాను.

పోయిన ఎండాకాలం ఆ పిల్లతో పాటు మా వియ్యపురాలు కూడా వచ్చింది. పొన్నూరులో వాళ్ళింటికి కొత్తగా నేలకి బండలు వేయిస్తున్నారు. ఆ దుమ్ములో ఆవిడకి ఆయాసం వస్తుందని మా అమ్మాయే మా దగ్గరికి పంపింది. దుమ్ముకి భయపడి మిరపకాయల ఘాటులోకి వచ్చిందన్న మాట. లెక్కల టీచరుగా చేసి రిటైరైన మనిషి. గంజి పెట్టిన నేత చీర, మెడలో గొలుసుకి వేలాడే కళ్ళజోడు. పందిరి కిందకి ఒక కుర్చీ తెప్పించుకుని, గాలి వచ్చే వైపు వేసుకుని కూర్చుంది. కూర్చుంటే కూర్చుందిలే, మర్యాద మనిషి, నేల మీద కూర్చోలేదు అనుకున్నాను. అప్పటికి నాకు ఆవిడ మీద కోపమేమీ లేదు.

రెండో రోజో మూడో రోజో నేను కథ మొదలుపెట్టబోతుంటే పిల్ల అడ్డుపడింది.

"అమ్మమ్మా, జాంబీలు మన ఊరొస్తే మనం బతుకుతామా?"

"ఎవరే వాళ్ళు? ఏ ఊరోళ్ళు?"

"ఏ ఊరూ కాదు. చచ్చిపోయి లేస్తారు. లేచి మనుషుల్ని కరుస్తారు. ఎవర్ని కరిస్తే వాళ్ళు కూడా జాంబీ అయిపోతారు. ఫోన్లో గేముంది."

"చచ్చి లేచినవాళ్ళ సంగతి మన చర్చిలో విన్నాను గానీ, లేచి ఎవర్నో కరిచారని పాస్టరుగారు ఎప్పుడూ చెప్పలేదే."

నాతో పాటు కాయలు ఏరే పక్కింటామె కిసుక్కున నవ్వింది. నన్ను అక్కా అంటుంది గానీ, ఎక్కడ సందు దొరికితే అక్కడ పొడుస్తుంది.

"బతుకుతామా లేదా చెప్పు," అంది పిల్ల.

"తలుపు గడియేసుకుని కూర్చుంటాం. ఇంకేముంది అందులో."

పిల్లకి ఆ జవాబు నచ్చలేదు. నిజానికి నాకూ నచ్చలేదు. ఇంకొంచెం ఆలోచించి ఉంటే ఏదో ఒకటి అల్లి ఉండేదాన్ని. ఈలోపు కుర్చీలోంచి మాట వచ్చింది.

"ఊళ్ళో ఎంతమంది ఉన్నారో చెప్పు. బతుకుతామో లేదో నేను చెప్తాను."

పిల్ల నా మోకాలి దగ్గర్నుంచి లేచి వెళ్ళింది. ఆ లేవడం నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. పావడాకి అంటుకున్న మిరప గింజలు దులుపుకుని మరీ వెళ్ళింది.

ఆవిడ పిల్ల చేత కాయలారబోసే పట్టా ఒకటి పరిపించింది. దాని మీద వంద ఎర్రకాయలు వరసగా పేర్పించింది. ఒక్కో కాయ ఒక్కో మనిషి. వాటి మధ్య ఒక్క తాలుకాయ పెట్టించింది. అది జాంబీ.

"ఒక జాంబీ రోజుకి ఒక మనిషిని కరుస్తుందనుకుందాం. రేపటికి ఎన్ని జాంబీలు?"

"రెండు."

"ఎల్లుండికి?"

"నాలుగు. ఆ తర్వాత ఎనిమిది."

కరిచినప్పుడల్లా ఒక ఎర్రకాయ తీసి, దాని చోట తాలుకాయ పెట్టాలి. పిల్ల పెడుతూ పోయింది. మొదట్లో పట్టా అంతా ఎర్రగానే ఉంది. నాలుగు రోజులైనా ఏమీ కాలేదే అన్నట్టుంది. తర్వాత ఒక్కసారిగా తెల్లబడింది. ఏడో రోజుకి ఊళ్ళో ఒక్క ఎర్రకాయ లేదు.

"మరి మన ఊరు ఇంకా పెద్దది కదా. వెయ్యిమంది ఉంటే?" అంది పిల్ల.

"నువ్వే చెప్పు."

"పదింతలు. డెబ్బై రోజులు."

"పది రోజులు," అంది ఆవిడ. "ఊరు పదింతలైనా మూడు రోజులే ఎక్కువ బతికేది."

పిల్ల తుమ్మలేదు. ముక్కుకి పీలిక కూడా లేదు, ఊడి మెడలోకి జారింది. అయినా తుమ్మలేదు. పక్కింటామె చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. నా ఒళ్ళు కూడా ఒకసారి జలదరించింది, దాచుకున్నాను. ఇన్నేళ్ళుగా కథలు చెబుతున్నాను. గుర్రాలు, కోటలు, మాట్లాడే పాములు, సవతి తల్లులు, ఎన్ని పెట్టి ఎంతసేపు చెబితే వచ్చేది ఆ నిశ్శబ్దం. ఆవిడ కుర్చీలోంచి లేవకుండా, గొంతు పెంచకుండా, మూడు రోజులు అన్న ముక్కతో తెచ్చేసుకుంది. అసూయపడటానికి కూడా ఒక లెక్కుండాలి కదా. నాకు ఆ క్షణంలో అది హద్దు దాటింది.

మర్నాటికి వీధిలో పిల్లలందరూ మా పందిరి కింద ఉన్నారు. నా ముందు పక్కింటామె ఒక్కతే ఉంది.

"ఏంది అక్కా, నీ రాజుల్ని కూడా కొరికేశాయా ఆ జాంబీలు?"

"కాయలు చూసి ఏరు. తాలు పోతున్నాయి ఎర్రవాటిలోకి," అన్నాను.

ఊరుకోలేక నేనూ ఒక జాంబీ కథ కట్టాను. పొద్దున నీళ్ళు పోసుకునేటప్పుడు అల్లి, పిల్లకి జడ వేస్తూ మొదలుపెట్టాను. అనగనగా ఒక జాంబీ ఉండేది, దానికి సత్తెనపల్లి రోడ్డులో ఎకరం పత్తిచేను ఉండేది, ఒకరోజు అది కూలీలతో ఏమందంటే...

"అవి మాట్లాడవు అమ్మమ్మా," అంది పిల్ల.

"మన ఊరిది మాట్లాడుతుంది."

"జాంబీలకి పొలాలుండవు. నానమ్మనడుగు."

జడ సగంలో ఉంది. గట్టిగా బిగించాను. అబ్బా అంది.

నానమ్మనడుగు అన్న మాట ఇల్లంతా తిరిగేది. నానమ్మ చెప్పింది, నానమ్మ చూపించింది. నేను వడ్డిస్తే కూర బాగుందంటుంది, ఆ నోటితోనే నానమ్మ పక్కన కూర్చుంటానంటుంది. ఆవిడకి గోంగూర పచ్చడి ఇష్టమని తెలిసి ఆ వారం గోంగూర దొరకలేదన్నాను. పెరట్లో నాలుగు మడుల గోంగూర ఉంది.

అలా ఉండగా ఒకరోజు పిల్లలు పెద్ద ఆట పెట్టారు. ఈసారి ఇళ్ళూ వాకిళ్ళూ కూడా ఉన్నాయి. వంద ఎర్రకాయల్ని వీధులుగా పేర్చారు. మూడు తాలుకాయలు మూడు వీధుల చివర పెట్టారు. పొద్దున్నుంచీ ఆడి, జాంబీలు కొన్ని పెరిగాక, అన్నానికి పిలిస్తే లోపలికి వెళ్ళారు. కోళ్ళు వచ్చి చెదరగొడతాయి చూస్తూ ఉండమని పిల్ల నాకు అప్పజెప్పింది. మాట్లాడి రెండు రోజులైంది నాతో సరిగ్గా. సరేనని పట్టా పక్కన కూర్చున్నాను.

కూర్చుని, పిల్ల వచ్చాక ఏ కథతో దాన్ని నా వైపు తిప్పుకోవాలా అని ఆలోచిస్తున్నాను. చూపు రోడ్డు మీదుంది, పత్తికట్టె వేసుకుని ట్రాక్టరు పోతోంది. కోళ్ళు రాలేదు. ఎవరూ రాలేదు.

పిల్లలు తిరిగొచ్చి నిలబడిపోయారు.

"జాంబీలేవి?"

"ఏ జాంబీలు?" అంటూ కిందకి చూశాను. పట్టా మీద ఎర్రకాయలు ఎక్కడివక్కడే ఉన్నాయి. తాలుకాయ ఒక్కటి లేదు. అన్నీ నా కుడిపక్కన చిన్న కుప్పగా ఉన్నాయి. ఎర్రకాయల పక్కన కూర్చోబెడితే నా చేతులు ఇంకేం చేస్తాయి.

"నువ్వు కావాలనే తీసేశావు," అంది పిల్ల. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. "నానమ్మ ఆటంటే నీకు కుళ్ళు."

ఆ మాట మొత్తం అబద్ధమైతే నాకు కోపం వచ్చేది. సగమే అబద్ధం.

"పిల్లదానికి కూడా తెలిసిపోయింది అక్కా," అంది పక్కింటామె నెమ్మదిగా.

"నీతో ఇంక మాట్లాడను. నీ కథలు వద్దు," అని పిల్ల వెనక్కి తిరిగింది. నేను ఆ పిల్లని పోగొట్టుకున్నాననే అనుకున్నాను. సెలవులు అయిపోతే తాడేపల్లి వెళ్ళిపోతుంది, వచ్చే ఏటికి ఇంకా పెద్దదవుతుంది, ఇక నా మోకాలితో దానికి పనేముంటుంది.

అప్పుడు వియ్యపురాలు చెయ్యి తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"కావాలని కాదమ్మా. కిటికీలోంచి నేను చూస్తూనే ఉన్నాను. మీ అమ్మమ్మ అసలు కిందకే చూడలేదు. చేతులు వాటంతటవే ఏరేశాయి."

నా తరఫున ఆవిడ మాట్లాడటం నాకు పిల్ల తిట్టినదానికన్నా ఎక్కువ గుచ్చుకుంది. కానీ ఆవిడ అక్కడితో ఆగలేదు. పట్టా ముందు వంగి, చాలాసేపు చూసింది.

"మన లెక్కలో తప్పుందర్రా. జాంబీలు కరుస్తాయనే వేసుకున్నాం. వాటిని ఏరి పారేసే మనిషి ఒకరుంటే ఏమవుతుందో వేసుకోలేదు. వదినగారూ, కదలకండి, అక్కడే కూర్చోండి."

కుర్చీ ఆవిడదే గానీ, ఆ పూట నేల మీద కూర్చున్న నా చుట్టూ చేరారు అందరూ. మళ్ళీ వంద ఎర్రకాయలు, మూడు తాలుకాయలు. రోజూ జాంబీలు కరిచాక నేను మూడింటిని ఏరేయాలి. మూడు కరిస్తే ఆరు, మూడు ఏరితే మళ్ళీ మూడు. ఎన్ని రోజులు ఆడినా మూడే మిగిలాయి, ఊరు మాత్రం రోజుకి ముగ్గురు చొప్పున తరిగిపోతోంది.

"ఇట్టా అయితే చివరికి ఎవరూ మిగలరు," అన్నారు పిల్లలు.

"నాలుగు ఏరమనండి," అంది ఆవిడ.

మొదట్నుంచి పెట్టారు. మూడు కరిచాయి, ఆరయ్యాయి. నాలుగు ఏరాను. రెండు మిగిలాయి. రెండు కరిచి నాలుగయ్యాయి. నాలుగూ ఏరేశాను. ఇంక ఏరడానికి ఏమీ లేదు. ఊళ్ళో తొంభై ఐదుగురు బతికే ఉన్నారు. పిల్లలు ఈలలేశారు. మరి ముందే ఐదు జాంబీలుంటే అని ఒకడు అడిగితే అదీ ఆడించింది ఆవిడ. నాలుగేసి ఏరినా నా వల్ల కాలేదు, ఆరు, ఎనిమిది, పన్నెండు అలా పెరుగుతూ పోయి ఊరు పోయింది.

"తొందరగా అమ్మమ్మా," అని మా పిల్ల నా భుజం పట్టుకుని అరుస్తూనే ఉంది. మాట్లాడనన్న పిల్లే. సంతోషించవలసిందే. సంతోషించాను కూడా. కానీ లోపల ఒకటి కొరుకుతూనే ఉంది. ఇన్నాళ్ళూ కథ చెప్పిన మనిషిని, ఆవిడ కథలో నన్నొక అంకె చేసి కూర్చోబెట్టింది. రోజుకి నాలుగు, అంతే నేను.

ఆట అయిపోయాక మిగతా పిల్లలు ఇళ్ళకి వెళ్ళారు. మా పిల్ల పట్టా దగ్గరే ఉండిపోయింది, గెలిచిన ఆట మళ్ళీ పేర్చుకుని చూస్తోంది.

"నానమ్మా, ఈ ఐదుగురూ ఎవరు?"

"ఏ ఐదుగురు?"

"వందలో తొంభై ఐదుగురు బతికారుగా. చచ్చిపోయిన ఐదుగురు."

"ఐదుగురంటే ఐదుగురే. వందలో అది తక్కువే."

"తక్కువే. ఎవరు అని అడుగుతున్నా."

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుంది, తీసింది. "అది లెక్కలో ఉండదమ్మా," అంది.

నేను తొందరపడలేదు. తాలుకుప్పని గోతంలోకి ఎత్తుతున్నట్టే ఉండి, ఎవరితోనూ కానట్టు అన్నాను. "మొదటివాడు పాలు పోసే అతను. అందరికన్నా ముందు లేస్తాడు కదా, వీధిలో ఎదురుపడ్డది వాడే."

పిల్ల తల తిప్పింది.

"రెండోది అతని కోసం గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ ఆవిడ. పాలబ్బాయి కదా అని తలుపు తీసింది."

"గడియేసుకోవాలిగా," అంటూ పిల్ల జరిగి వచ్చింది. మూడో మనిషికి వచ్చేసరికి మోకాలికి ఆనుకుంది. మూడో మనిషి, నాలుగో మనిషి ఎవరో, ఎందుకు తప్పించుకోలేకపోయారో, సాగదీసి సాగదీసి చెప్పాను. తుమ్ము లేదు. ఆవిడ కుర్చీలోంచి ముందుకి వంగి వింటోందని చూడకుండానే తెలుస్తోంది.

"ఐదోది?" అంది పిల్ల.

"ఐదో ఆవిడ పాపం చదువుకున్న మనిషి. గాలికి కుర్చీ వేసుకుని పేపరు చదువుకుంటోంది. అందరూ పరిగెత్తుతుంటే ఇంకా ఎన్ని రోజులు పడుతుందో లెక్క వేసుకుంటూ కూర్చుండిపోయింది."

పక్కింటామె చెంగు నోట్లో కుక్కుకుంది.

"అయితే జాంబీనయ్యాక నన్ను ఏరి పారేసింది కూడా మీరేగా వదినగారూ," అంది వియ్యపురాలు, మామూలు గొంతుతో.

పిల్ల పగలబడి నవ్వింది. నా మోకాలి మీద చెయ్యి తీయకుండానే, ఆవిడ వైపు తిరిగి నవ్వింది.