నాగమణమ్మ వద్దన్న రొట్టె

ఫలక్‌నుమా క్రైస్తవ మందిరంలో సంఘ పెద్ద భిక్షపతి ప్రార్థన మొదలుపెడితే పైన తిరిగే ఫ్యాను కూడా అలిసిపోవాల్సిందే. దేశంలో న్యాయం చచ్చిపోయిందని ఏడుస్తాడు. నీతిమంతుల్ని లేపమని దేవుణ్ణి పీక్కుతింటాడు. ఆ నీతి తన ఇంటి గడప తొక్కితే మాత్రం ఊరుకోడు. కార్పొరేషన్‌లో రోడ్లు ఊడ్చే నాగమణమ్మ ఒకప్పుడు ఆ కన్నీళ్లు నమ్మి తనూ ఏడ్చేది. ఇప్పుడు తలచుకుంటే తన మీద తనకే ఒళ్లు మండుతుంది.

భిక్షపతి ఇంటి కింద షట్టర్‌లో ఖదీర్ ఇరవై ఏళ్లుగా వెల్డింగ్ చేసుకుంటున్నాడు. ఉన్నట్టుండి ఖాళీ చేయమన్నాడు భిక్షపతి. మాట్లాడదామని మేడ మీదికెళ్లిన ఖదీర్‌ను మెట్ల మీద నుంచి తోసేశాడు. చెయ్యి విరిగింది. వాడే జారిపడ్డాడని గల్లీ అంతా చాటాడు. ఎదురుగా చీపురు పట్టుకుని నిలబడ్డ మనిషిని లెక్కలోకే తీసుకోలేదు. ఊడ్చేవాళ్లకు కళ్లుంటాయని అలాంటి పెద్దమనుషులకు ఎందుకు తడుతుంది? నాగమణమ్మ ఠాణాకు వెళ్లి చూసింది చూసినట్టు చెప్పింది.

ఆ ఆదివారమే పాస్టరు ఆమెను ప్రభువు బల్లకు, అంటే నెలనెలా రొట్టె పంచే సంస్కారానికి, దూరం పెట్టాడు. విశ్వాసిని బయటివాళ్ల ముందుకు ఈడ్చడం పాపమట. విరిగిన చెయ్యి గురించి ఆయనకు ఏ వాక్యమూ గుర్తుకు రాలేదు. సంఘం ముందు తప్పు ఒప్పుకుని, ఠాణాలో చెప్పిన మాట వెనక్కి తీసుకుంటే మళ్లీ రొట్టె ఇస్తామన్నాడు.

ఆ మాట ఆమెను నిజంగానే కోసింది. మొగుడు పోయిన నెలలో కూడా ఆమె బల్ల తప్పలేదు. రోజూ చెత్త ఎత్తే చేతుల్లో నెలకోసారి పడే ఆ చిన్న ముక్క చూసుకుంటేనే, తానూ ఒక మనిషినన్న గౌరవం కలిగేది. మూడు నెలలు వెనక వరసలో కూర్చుంది. రొట్టె పళ్లెం పక్కనుంచి వెళ్లిపోతుంటే కొంగు నోట్లో కుక్కుకుంది.

నాలుగో నెల లేచి నిలబడింది. పాస్టరు ముఖం వెలిగింది. భిక్షపతి పళ్లెం పట్టుకుని, కళ్లు అరమూసి, క్షమించడానికి సిద్ధమై దగ్గరికొచ్చాడు.

"తప్పు ఒప్పుకుందామని లేవలే అయ్యగారూ," అంది పాస్టరుతో. "ఖదీర్ భాయ్‌ని నూకింది గీ సారే. నేను చూసిన. రేపు కోర్టుల గూడ గిదే చెప్త."

మందిరంలో ఒక్కరూ తలెత్తలేదు. న్యాయం కోసం నలభై రోజులు ఉపవాసమున్న గుంపు అది! ఆ రొట్టె కోసం ఆమె ప్రాణం కొట్టుకుంటూనే ఉంది. అయినా పళ్లెం అంచు పట్టి, మెల్లగా భిక్షపతి వైపే నెట్టింది.

"మీరే తినుర్రి సారూ. గిట్లయితే నాకు గొంతు దిగదు."