డీజిలు బండి అదురు

పుత్తూరు షెడ్డులో మా పెట్రోలు బండికి డీజిలు ఇంజను బిగించిన నాటి నుంచి నా తల దిమ్మెక్కిపోయింది.

బండి అంటే పాత జీపే, వెనక కోసి తొట్టి పెట్టించుకున్నది. వడమాలపేట చుట్టుపక్కల తోటల్లో పూలబుట్టలు ఎత్తుకుని తిరుపతి మార్కెట్టుకు తోలడం మా ఆయన పని. తొంభైల చివర్లో పెట్రోలు బళ్లున్న వాళ్లంతా డీజిలుకు మారుతున్నారు, నిజమే. కానీ ఈయనకు ఎందుకంత తొందరో నాకు అర్థం కాలేదు. మా ఇంజను చప్పుడే లేకుండా చక్కగా నడుస్తుండేది. దాన్ని ఊడదీయించి, ఎక్కడో విప్పేసిన బండిది తెచ్చి, పట్టీలు వెల్డింగు చేయించి కూర్చోబెట్టించాడు.

బండి తెచ్చుకోవడానికి నేనూ వెళ్లాను. స్టార్టు చేయగానే పూనకం వచ్చినట్టు ఊగింది. మెకానిక్కే మొహమాటపడి, "ఇంజను కింద మందం రబ్బర్లు ఏస్తానన్నా, స్టీరింగు ఇంత అదరదు" అన్నాడు.

"వద్దులేప్పా, ఉండనీ" అన్నాడు ఈయన.

"ఏం వద్దు? ఈడ పళ్లు రాలిపోతాండాయి!" అన్నాను నేను. ఈయన నావైపైనా తిరక్కుండా బండెక్కి కూర్చున్నాడు.

ఒళ్లు మండిపోయింది. ఈ మధ్య అంతే. టీ కొట్టు దగ్గర మగవాళ్లు ఏదన్నా అంటే ఠక్కున బదులిస్తాడు. ఇంట్లో నేను గొంతు చించుకున్నా గోడకు చెప్పినట్టే. పెళ్లాం మాటంటే ఇంత లోకువా అని లోపల్లోపల కుళ్లిపోయేదాన్ని. ఏడ్చిన రోజులూ ఉన్నాయి.

ఒకరోజు ఏదో కొనుక్కుందామని పూలతోబాటు నేనూ తిరుపతికి బయలుదేరాను. దారిలో వెనక బస్సు, హారను మీద హారను. "దారియ్యయ్యా!" అన్నాను. ఇవ్వలేదు. భుజం పట్టి కుదిపేలోపల బస్సు పక్కనుంచి దూసుకొచ్చి మా ముందుకు తిరిగింది. ఈయన స్టీరింగు ఎడమకు తిప్పేశాడు. బండి రోడ్డు దిగి మట్టిలో ఆగింది. బుట్టలు దొర్లి కనకాంబరాలన్నీ దుమ్ములో పడ్డాయి. బస్సు డ్రైవరు తల బయటపెట్టి, "సెవుడా ఏందప్పా నీకు? సావాలనుండాదా?" అని అరిచి వెళ్లిపోయాడు.

వాణ్ణి నాలుగు తిట్టబోయాను. అంతలో ఈయన నావైపు తిరిగి, "ఏమంటాండాడు వాడు?" అని అడిగాడు.

తిట్టడం మానేసి ఈయన మొహంలోకి చూశాను.

ఇంజను ఆపాడు. "ఎన్నాళ్లయిందయ్యా ఇట్ల?" అని చెవి దగ్గరికి పోయి అరిచాను.

బండి దిగి, దుమ్ములో పూలు ఏరుతూ చెప్పాడు. "పాత ఇంజను ఆడతాండాదో ఆగిందో తెలీకుండా పోయిందే. ఆడతాండేదాన్నే మళ్లా స్టార్టు చేసి కీచుమనిపించినాను, మార్కెట్లో అందురూ నవ్వినారు. ఇదైతే అదురు సేతుల్లో తెలస్తాది."

"మరి ఆ మెకానిక్కు మాట ఇనపడె గదా? నా మాటే ఇనపడదా?" అని నేనూ దిగి మళ్లా అరిచాను.

"మగోళ్ల గొంతులు ఇంకా కొంచెం తెలస్తాయి. ముందర నీ గొంతే పోయిందే."

రోడ్డు పక్కనే కూలబడి ఏడ్చాను. కోపం పోయిందనుకుంటున్నారా? పోలేదు. ఇన్నాళ్లూ నన్నిట్లా కుమిలిపోనిచ్చాడే అని కోపం. ఇక తోలకపోతే ఈ మనిషి ఏమైపోతాడోనని భయం. ఆయనకు ఇంకో పని రాదు. ఇంకో పని మీద మనసూ లేదు.

దారి పొడుగునా నేను వెనక్కి చూస్తూ, హారను వినిపిస్తే ఆయన భుజం తడుతూ, ఎట్లాగో ఇల్లు చేరాం. వాకిట్లో బండి ఆపగానే తాళంచెవి లాక్కున్నాను.

మరునాడు పొద్దున్నే పూలకు బయలుదేరుతూ చెయ్యి చాపాడు. "ఇయ్యను" అన్నాను.

నా నోటివైపే చూశాడు. "ఏందే?" అన్నాడు.

ముగ్గులు వేస్తున్న ఆడవాళ్లంతా తలెత్తి చూస్తున్నారు. "నువ్వింక తోలొద్దయ్యా, నీకు ఇనపడదు!" అని వీధంతా వినేటట్టు అరిచి చెప్పాల్సి వచ్చింది.