కొవ్వు పట్టేదాకా

నా పొట్ట చూసి నవ్వని మనిషి ఆళ్లగడ్డలో లేడు. "రాయి చెక్కేవాడికి ఇంత కొవ్వెట్లా పట్టిందప్పా?" అనేవాళ్లు తోటి శిల్పులు. నంద్యాల ఆసుపత్రిలో నర్సమ్మ మాత్రం నన్ను ఎగాదిగా చూసి, "చొక్కా విప్పన్నా, నువ్వే పనికొస్తావ్" అంది.

నా కూతురు నెలలు నిండకుండా పుట్టింది. ఆపరేషనైన నా భార్య వేరే వార్డులో జ్వరంతో పడుంది. "తోలు కింద కొవ్వు పట్టకముందే పుట్టిందన్నా. ఒంట్లో వేడి నిలవదు. నీ వేడే దానికి దిక్కు" అని నర్సమ్మ బిడ్డను నా ఎదకు ఆనించి గుడ్డతో కట్టేసి, కుర్చీలో కూర్చోబెట్టింది. గాలి తగలకూడదని ఆ గదిలో ఫ్యాను కూడా వేయరు. అది మే నెల.

రాయి చుట్టూ తిరుగుతూ చెక్కడమే గానీ, ఒక్కచోట గంటసేపు కూర్చున్నవాణ్ని కాను. చెమట కళ్లలోకి కారుతున్నా కదలాలంటే భయం. కాళ్లు తిమ్మిరెక్కేవి. బయట హారన్ వినబడితే ఆళ్లగడ్డ బస్సేమోనని ప్రాణం కొట్టుకునేది. ఆ కుర్చీ పగవాడికి కూడా వద్దు.

మా అమ్మ సీసాడు నువ్వుల నూనె తెచ్చింది. "నూనె తాకకుండా బిడ్డ యాడన్నా బతుకుతాదా?"

"రుద్దితే తోలు లేచొస్తాదవ్వా. ముందు లోపల కొవ్వు పట్టనీ" అని నర్సమ్మ సీసా లాక్కుంది. చివరికి ఆ నూనె నా మోకాళ్లకు పనికొచ్చింది.

అయిదో రోజు విసుగొచ్చి నాకు ఒళ్లు మండిపోయింది. బిడ్డను దుప్పట్లో చుట్టి మా అమ్మ ఒళ్లో పెట్టి, టీ తాగొస్తానని బస్టాండు దాకా నడిచాను. ఆళ్లగడ్డ బస్సెక్కి సీట్లో కూర్చున్నాను కూడా. కండక్టరు వచ్చేలోపు దిగిపోయాను. తిరిగొచ్చేసరికి బిడ్డ పాదాలు చల్లబడి ఉన్నాయి. నర్సమ్మ గుడ్డ అందించింది. తిట్టినా బాగుండేది. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

ఆ తర్వాత అన్నం కూడా అమ్మే తినిపించింది. మూడు వారాలకు నర్సమ్మ బిడ్డ తొడ మెల్లగా పట్టి చూసింది. వేళ్ల మధ్య చిన్న మడత పడింది. "కొవ్వు పడతాందన్నా. ఇంగ లేచి తిరుగుపో" అని కట్టు విప్పి, బిడ్డను తీసుకుంది.

వాకిట్లోకి వచ్చాను. ఎండ నిప్పులు చెరుగుతోంది. బిడ్డ ఆనుకున్న చోట మాత్రం నాకు చలేసింది. నంద్యాలలో, మే నెలలో చలంటే ఎవరు నమ్ముతారు? ఎండలో నిలబడినా తగ్గలేదు. మళ్లీ లోపలికి పోయి, ఆ కుర్చీలోనే కూర్చుని, చొక్కా విప్పాను.

"ఇటియ్యమ్మా" అన్నాను.