దుప్పటి వెనక మంచుకోట

కంప్యూటర్ గదిలోకి చెప్పులు బయట విడిచి వెళ్లే కాలం ఒకటి ఉండేది. పురానాపూల్ దగ్గరి మా గేమ్ పార్లర్‌లో ఆ మర్యాద తప్పనిసరి. లోపల ఎంత ఉక్కపోతంటే గోడ మీది బల్లులు మధ్యాహ్నం సెలవు పెట్టి నీడకు పోయేవి (నమ్మనివాళ్లు బల్లుల్నే అడగండి). నేను అప్పుడే ఉస్మాన్‌గంజ్‌లో ఒక పప్పుల హోల్‌సేల్ దుకాణంలో చేరాను. సాయంత్రం కందిపప్పు దుమ్ముతో పసుపు రాసిన పెళ్లికొడుకులా వచ్చి, నా స్నేహితుడి పక్కన కూలబడేవాణ్ణి. వాడు దర్జీ. సోడాబుడ్డి కళ్లద్దాల వల్ల పేటంతా వాణ్ణి దుర్బీన్ అనేది.

పార్లర్ యజమానికి పర్దా భాయ్ అని పేరు పెట్టింది మేమే. మేమంతా ఆడే కోటల యుద్ధం ఆటకు ఒక అదనపు సీడీ వచ్చింది. అందులో మంచుకొండలు, వాటి మీద ఒక నల్లకోట. భాయ్ దాన్ని మూలనున్న ఒక్క మిషన్‌లోనే ఎక్కించి రేటు రెట్టింపు చేశాడు. ఒకడు డబ్బు కట్టి ఆడుతుంటే పదిమంది వెనక నిలబడి చూడడం మా పేటలో జన్మహక్కు. ఆ హక్కును కాలరాస్తూ మిషన్ చుట్టూ గులాబీపూల దుప్పటిని పర్దాలా కట్టాడు. లోపల కత్తులు మోగుతుంటే, బయట మేము పిలవని పెళ్లికి వచ్చిన బంధువుల్లా నిలబడేవాళ్లం.

దుర్బీన్ ఊరుకోలేదు. "నెలనెలా పైసలు కడుతున్న భాయ్. పాతగైనంక గిది గూడ అసల్ ఆటల కలపాలె గద."

"కలిపితే ముందుగాల డబల్ కట్టినోళ్లు నా అంగీ గల్లా పట్టరా మియా? బిర్యానీల ఒక బోటీ ముక్క ఎక్కువడిగితే పైసలియ్యవా?"

"ఇస్త. నిన్నటి బోటీని ఇయ్యాల ఎవడు కొంటడు?"

నేను కడతానన్నా వాడు ఒప్పుకోలేదు. "నువ్వు కడితే ఆయన గెలిచినట్టే. ఫ్రీ అయ్యేదాక ఆ దుప్పటి ముట్ట."

నెలలు గడిచాయి. ఒకరోజు వాడు ఒక షేర్వానీకి రెండు చేతులూ ఒకే పక్కకు కుట్టాడని విని పార్లరంతా పడీపడీ నవ్వాం. వాడు నవ్వలేదు. బయట మెట్ల మీద కూర్చుని మెల్లగా చెప్పాడు. "పక్కలు కనిపిస్తలేవురా. రెండు దిక్కులకెల్లి మూసుకుంట వస్తదట. మందు లేదన్నడు డాక్టర్."

"ఎన్నడు తెలిసింది?"

"దుప్పటి కట్టకముందే."

"మరి గింత జిద్దెందుకురా?"

"అది ఫ్రీ అయ్యేదాక కండ్లు ఆగుతయనుకున్న."

నేను వెళ్లి భాయ్‌కి చెప్పాను. మర్నాటికి దుప్పటి లేదు. "సీడీ పాతగైంది. అసల్ ఆటల కలిపేసిన. సబ్‌కే లియే ఫ్రీ," అని ప్రకటించాడు. డబల్ కట్టినవాళ్లు మస్తు లొల్లి చేశారు. నిజంగానే ఒకడు గల్లా పట్టాడు. అయినా భాయ్ అసలు కారణం బయటపెట్టలేదు.

"నేను ముందే చెప్పిన గద," అంటూ దుర్బీన్ దర్జాగా కుర్చీలో కూర్చున్నాడు. తెర మీద వాడికి మధ్యలో తెల్లగా ఏదో మరక తప్ప ఇంకేమీ దొరకలేదు. మెడ అటూ ఇటూ తిప్పి, గొంతు తగ్గించి అడిగాడు. "ఏముందిరా?"

"కోట. తాటిచెట్టంత దర్వాజ. దాని పక్క ఏనుగులు."

"మంచుల ఏనుగులేందిరా?"

"అందుకే ఉన్ని స్వెట్టర్లు తొడిగిన్రు."

వాడు కుర్చీ విరిగేలా నవ్వాడు. ఈలోగా తెర మీద మా సైన్యం మొత్తం చచ్చిపోయింది. ఎవరికీ పట్టలేదు.

ఇప్పుడు కంపెనీలే పాత అదనపు భాగాల్ని ఉచితంగా కలిపేస్తున్నాయట. ముందు కొన్నవాళ్లకు ఇది న్యాయమేనా అని మా మేనల్లుడు వాదనకు దిగుతాడు. వాళ్ల కోపమూ న్యాయమే, కలపడమూ న్యాయమే, కాస్త తొందరగా కలపమను అంటాను నేను.

మొన్న దుర్బీన్ ఇంటికి వెళ్లాను. వాడికిప్పుడు పగలూ రాత్రీ ఒకటే. కూతురికి ఆ కోట గురించి చెబుతున్నాడు. ఏనుగులయ్యాక ఎర్ర మేజోళ్లు తొడిగిన ఒంటెలు వచ్చాయి. నేను ఏనాడూ చెప్పని ఒంటెలు.

"నిజమేనా పెద్దబాపు?" అంది పిల్ల నా వైపు తిరిగి.

"నిజమే బిడ్డా. ఆ మేజోళ్లు కుట్టింది మీ బాపే."

తిరిగొచ్చే దారి పొడవునా నాలో నేను నవ్వుకున్నాను. అంతటి కోతలరాయుణ్ణి, ఆ రోజు ఏనుగుల దగ్గరే ఎందుకు ఆగిపోయానో.